హారతి తగిలిన రెక్క

మొన్న ఆబిడ్స్‌లో జాకెట్టుకు లైనింగు గుడ్డ కోసం ఒక దుకాణానికి వెళ్ళి, రంగు కలిసిందా లేదా అని గుడ్డను వెలుగుకు పెట్టి చూసుకుంటున్నాను. పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలిద్దరు గోళ్ళ రంగు సీసాలు మూతలు తీసి ఒక్కొక్క వేలికి ఒక్కొక్కటి పూసుకుంటున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే చేతిలో గుడ్డ వదిలేసి బల్ల పట్టుకున్నాను. దుకాణంవాడు గబగబా స్టూలు వేసి మంచినీళ్ళిచ్చాడు, బీపీ అనుకున్నాడు పాపం. డెబ్బై దాటిన మనిషికి ఏం జరిగినా బీపీ కిందే జమ. అది బీపీ కాదు, నాంపల్లిలో మా కిరాయి ఇంటి దివాన్‌ఖానాలో, అంటే ముందు హాల్లో, ఒకప్పుడు విమానం రెక్కకు పూసిన మందు వాసన.

అవును, విమానమే. ఇద్దరు పక్కపక్కన కూర్చునేది, అల్యూమినియం గొట్టాలు బిగించి రెక్కలకు గుడ్డ తొడిగేది. దాన్ని అల్ట్రాలైట్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, బేగంపేట వైపు విమానాలు బాగుచేసే ఒక షెడ్డులో మెకానిక్కు. వ్యవసాయం అచ్చిరాక ఊరు విడిచి పట్నం చేరిన ఇల్లు మాది, అయినా ఆయన చేతుల్లో ఏం ఉందో గాని, మొరాయించిన ఏ మిషనైనా ఆయన ముట్టుకుంటే మాట వినేది. షెడ్డులోని సార్ల చలవతో నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. ఆ సార్లలో ఒకాయన సరదాపడి పైదేశం నుంచి విమానాన్ని ముక్కలుగా పెట్టెల్లో తెప్పించుకుని, నాలుగు మరలు బిగించేసరికి సరదా తీరిపోయి, తీసుకుపొమ్మని బావగారికి ఇచ్చేశాడు. అందరిళ్ళకూ ఫ్రిజ్జులొస్తుంటే మా ఇంటికి విమానం వచ్చిందని గల్లీ అంతా నవ్వుకుంది.

నవ్వనివాళ్ళు ఇద్దరే, బావగారూ అక్కా. అక్క అంటే నా తోడికోడలు. ఆమెకు నీటికాసులు. చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వస్తోందనీ, పోయింది ఇక తిరిగి రాదనీ, మిగిలింది మహా అయితే ఒక ఏడాదనీ దవాఖానలో చెప్పేశారు. గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య గుండ్రంగా ఒక ముక్క మాత్రం ఆమెకు కనిపించేది. "నాకు పొయ్యి కనవడితే గిన్నె కనవడది, గిన్నె కనవడితే పొయ్యి కనవడది" అని వంట చేస్తూ అనేది, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. ఆ మాట బావగారి బుర్రలో పడింది. దగ్గరివి ఆ గుండ్రంలో పట్టవు గాని, దూరం పోయినకొద్దీ ఎక్కువ పడుతుంది కదా, బాగా పైకి తీసుకుపోతే పట్నం మొత్తం అందులో పట్టేస్తుంది కదా అని ఆయన ఆలోచన. కాపురానికి వచ్చి అన్నేళ్ళయినా అటు అఫ్జల్‌గంజ్, ఇటు హిమాయత్‌నగర్ దాటి ఎరగని మనిషి అక్క. చూపు పోయేలోగా ఆమెను రెండో సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా ఒక్కసారి చూపించాలని, అంతే ఆయన కోరిక.

బావగారు నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. తమ్ముడి భార్యతో ఎంత దూరం ఉండాలో అంత దూరం ఉండేవాడు. ఏం కావాలన్నా అక్కతోనో మా ఆయనతోనో చెప్పించేవాడు. కుట్టుమిషను మీద నాకు చేయి తిరిగిందని రెక్కల గుడ్డ పని మాత్రం నాకు వదిలేశాడు. గుడ్డ తొడిగాక ఇంట్లో బట్టలకు వాడే ఇస్త్రీపెట్టెతోనే వేడి చేస్తే అది బిగుసుకుని, తడితే డప్పులా మోగేది. ఆ తర్వాత లోపలి బద్దలకు గుడ్డను కలిపి మైనం పట్టించిన దారంతో కుట్లు వెయ్యాలి. రెక్కను నిలువుగా ఆనించి నేనొక పక్క, అక్క ఒక పక్క కూర్చునేవాళ్ళం. నేను జానెడు సూది అటు పొడిస్తే, అక్క కళ్ళతో పని లేకుండా వేళ్ళతో తడిమి పట్టుకుని మళ్ళీ ఇటు పంపేది. ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో, ఇద్దరం ఒకరికొకరం కనిపించకుండా రెక్కకు అటూ ఇటూ కూర్చుని ఎన్ని కష్టసుఖాలు చెప్పుకున్నామో! అక్కతో అంత దగ్గరగా నేను ముందూ లేను, తర్వాతా లేను.

కుట్లయ్యాక గుడ్డ మీద పూసేదే ఆ గోళ్ళ రంగు వాసన మందు. భగ్గున అంటుకునే సరుకు కాబట్టి బావగారు కిటికీలన్నీ తీయించి, తలుపు మీద సుద్దముక్కతో 'బీడీ, అగ్గిపెట్టె బంద్' అని పెద్దక్షరాలతో రాశాడు. కిరాయి కోసం వచ్చిన ఇంటి ఓనరునే బీడీ పారేసి రమ్మన్న మనిషి.

దసరా వచ్చింది. ఆ రోజు పనిముట్లకు పూజ చెయ్యని ఇల్లు మా వైపు ఉండదు. మంచి రోజున చెయ్యి పెట్టాలని బావగారు పొద్దున్నే రెక్కకు ఇంకో పూత పూసి, మొజంజాహీ మార్కెట్టు నుంచి గుమ్మడికాయ, బంతిపూలు తెచ్చాడు. పానాలకూ సుత్తులకూ నా కుట్టుమిషనుకూ బొట్లు పెట్టాం. అక్క పట్టుచీర కట్టుకుని, అప్పటికే బిగించి ఉన్న సీట్లలో రెండోదాంట్లో కూర్చుంది. దీపం మసకగా కనిపించే మనిషి హారతి ఏం పడుతుందని ఆ పని నాకు అప్పగించారు. దివాన్‌ఖానాలోకి అగ్గిపెట్టె తేకూడదు కదా, అందుకని నేను ఎంతో బుద్ధిమంతురాలిలా వంటింట్లోనే కర్పూరం వెలిగించుకుని, పళ్ళెం పట్టుకుని వచ్చాను.  బీడీ నిప్పే, పొయ్యి నిప్పే, హారతి నిప్పెలా అవుతుంది? అదీ నిప్పేనని మాకెవ్వరికీ తోచలేదు. అంత జాగ్రత్తమనిషి, ఆయనకూ తోచలేదు. చేతులు జోడించుకుని నిలబడి, నాతో నేరుగా అన్నాడు.

"రెక్క దాంక సూపియ్యమ్మా."

చూపించాను. పళ్ళెం రెక్కకు తగలనే లేదు. గాలే అంటుకున్నట్టు గుప్పుమని, చూస్తుండగానే మంట ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. బావగారు రెక్క వైపు చూడనైనా చూడకుండా ముందు అక్కను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. మా ఆయనా గల్లీవాళ్ళూ బకెట్లతో నీళ్ళు కొట్టేసరికి ఒక రెక్క బూడిదైంది, గొట్టాలు వంగిపోయాయి. ప్రాణాలకేం కాలేదు. అక్క వాకిట్లో నిలబడి, ఏం కాలింది, ఎవరికన్నా తగిలిందా అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతోంది. నా పేరు పిలిచినప్పుడు నేను పళ్ళెం పట్టుకుని గోడ చాటుకు జరిగాను.

ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిడితే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. కొత్త గొట్టాల కోసం, గుడ్డ కోసం పైదేశానికి ఉత్తరం రాస్తే అవి రావడానికి నెలలు పట్టింది, తనిఖీకి, కాగితాలకు ఇంకొన్ని నెలలు. కాలిన రెక్క బదులు కొత్తది కుట్టేటప్పుడు కూడా అక్క అవతలి పక్కే కూర్చుంది గాని మా మధ్య మాటలు లేవు, సూది మాత్రం అటూ ఇటూ తిరిగింది. ఆ పని సగంలో ఉండగా ఒక పొద్దున, తెల్లారలేదా ఇంకా అని అక్క అడిగింది. అప్పటికి ఎండ వాకిట్లోకి వచ్చేసి ఉంది.

విమానం పూర్తయ్యింది. ఊరవతల చదును నేల మీదికి లారీలో తీసుకుపోయాం. బావగారు అక్క చెయ్యి పట్టుకుని ఎక్కించబోతే ఆమె వెనక్కి జరిగి నా భుజం వెతుక్కుంది.

"నాకేం కనవడ్తది గాడ? నువ్వు పో. నీ కండ్లతోని మంచిగ చూసొచ్చి నాకు జెప్పు."

ఎక్కాను. నేల విడిచిన మరుక్షణం కళ్ళు మూసుకున్నాను, మళ్ళీ చక్రాలు నేలకు తగిలేదాకా తెరవలేదు. భయం కొంత, నిజమే. అంతకన్నా, అక్క చూడాల్సింది నేను చూడటానికి నాకు మనసొప్పలేదు. దిగాక ఆమె నా రెండు చేతులూ పట్టుకుని అడిగింది. పట్నం మొత్తం కనిపించిందని చెప్పాను. మూసీ వెండి గొలుసులా ఉందన్నాను, మార్కెట్టు గడియారం అగ్గిపుల్లంత ఉందన్నాను. మనిల్లు కనిపించిందా అంటే ఔనన్నాను, వాకిట్లో ఆరేసిన నీ చీర కూడా కనిపించిందన్నాను. పక్క సీట్లో కూర్చున్న బావగారు నా మూసిన కళ్ళు చూసే ఉంటాడు. నా మాటలు వింటూనే సీటు పట్టీలు విప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన దాన్ని ఎగరేయలేదు, ఎవరో అడిగితే ఇచ్చేశాడు. అక్క మాత్రం బతికినన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ మూసీ గురించీ చీర గురించీ తనే చూసినట్టు చెప్పుకుని మురిసిపోయేది. నేను పక్కనుంటే లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు ఊరు పైనుంచి ఎలా ఉంటుందో చూడటానికి విమానం అక్కర్లేదు, ఎవరి ఫోనులో అయినా కనిపిస్తుంది. ఈమధ్య ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ వెతుక్కున్నాను. నాంపల్లి స్టేషను దొరికింది, మార్కెట్టు దొరికింది, మా ఇల్లున్న చోట నీళ్ళ ట్యాంకులతో ఏదో పెద్ద కట్టడం ఉంది. మూసీ వెండి గొలుసులా లేదు, బురద రంగు గీతలా ఉంది. అక్కకు నేను చెప్పినవాటిలో ఒక్కటీ నిజం కాదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, చూసిందేదో ఇప్పుడు చెబుదామన్నా వినేవాళ్ళు లేరు. అంతా ఒక్కసారి చూద్దామని వేళ్ళతో ఊరిని దూరం జరుపుకుంటూ పోతే, పట్నం పట్నమంతా అక్కకు మిగిలినంత చిన్న గుండ్రంలో పట్టేసింది. బావగారు అనుకున్నది నిజమే. ఆ రోజు నేను కళ్ళు తెరవాల్సింది.