నిండు ట్యాంకు

ఆ అక్టోబరు శనివారం ఆర్వో చేసిన చివరి పని మోటారుసైకిలును చలికాలానికి గ్యారేజీలో పడుకోబెట్టడం. ఆ గ్యారేజీలో సగం భార్య హెల్వి మగ్గానిది. పాతబట్టలు పీలికలు చేసి ఆమె దాని మీద తివాచీలు నేస్తుంది. మిగిలిన సగంలో స్కీలు, కాయల జాడీలు, బెర్రీల ఫ్రీజరు. వాటి మధ్య బండిని దూర్చాలంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టాలి. ఆమె లాంతరు పట్టుకునేది, ఆయన అంగుళం అంగుళం నెట్టేవాడు.

"నీ మగ్గం లేకపోతే ఇక్కడ లారీ పట్టేది," అన్నాడు.

"నీ బండి లేకపోతే నేను కూర్చుని నేసేదాన్ని, ముసలాయనా. ఇప్పుడు నిలబడి నేస్తున్నాను."

ఉత్తరాన ఉన్న వాళ్ల ఊరు కుహ్మోలో మంచు ఆరు నెలలు ఉంటుంది. అందుకే ఏటా ఆయన పద్ధతి ఒకటే. చివరిసారిగా బంకు దాకా వెళ్లి ట్యాంకు పొంగిపొర్లేలా నింపేవాడు. ఖాళీ ఉంటే లోపల చెమ్మ పట్టి తుప్పు తింటుందని, ట్యాంకూ మనిషి కడుపూ నిండుగానే నిద్రపోవాలనీ ఏటా చెప్పేవాడు. ఇంటికొచ్చాక చక్రాల కింద పలక పెట్టి, ఎలుక దూరకుండా పొగగొట్టానికి నూనెగుడ్డ కుక్కి, బ్యాటరీ విప్పి ఆవిరిస్నానం గది ముందున్న బల్ల కింద పెట్టేవాడు. పైన కప్పడానికి ప్లాస్టిక్ కాదు, పాత దుప్పటి. ఆ దుప్పటిని చించి నేద్దామని హెల్వి పదేళ్లుగా అడుగుతూనే ఉంది.

ఆ రోజు ఆయన బంకుకు వెళ్లలేదు. ఆమె గుర్తు చేసింది.

"పెట్రోలు సంగతి పొద్దున్నే చూసుకున్నాను," అన్నాడు ఆర్వో. దుప్పటి అంచులు సర్ది, సీటు మీద అరచెయ్యి కాసేపు ఉంచాడు. తర్వాత కాఫీకి లోపలికి వచ్చాడు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం కాఫీ తాగి సోఫాలో నడుం వాల్చాడు, మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ హెల్వి ఒకే మాట చెప్పింది. ఏమీ తెలియకుండా పోయాడు. జూన్‌లో నార్వే సముద్రం దాకా బండి మీద వెళ్దామనుకున్నాం, ఆ ఆశతోనే పోయాడు. నలభై ఏళ్ల కాపురంలో నాకు చెప్పకుండా దాచింది ఏదీ లేదు, జబ్బుందని తెలిసుంటే చెప్పేవాడే. సెప్టెంబరులో ఆయన రెండుసార్లు కయానీ పట్నం వెళ్లొచ్చాడు, పళ్ల డాక్టరు దగ్గరికని. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె లేచి వెళ్లి మగ్గం ముందు నిలబడేది. ఏమీ తెలియకుండా పోయాడన్న ఆ ఒక్క మాటను పట్టుకుని చలికాలం గడిపింది. నెలకోసారి బ్యాటరీకి చార్జింగు కూడా పెట్టింది, ఆయన పెట్టినట్టే.

మే నెలలో మంచు కరిగాక పక్కింటి తాపియోను పిలిచింది. బండిని అమ్మడానికీ కాదు, నడపడానికీ కాదు. ఒక్కసారి ఆ చప్పుడు వినాలి, అంతే.

తాపియో కొత్త సంగతులు చెప్పే మనిషి కాదు, పాతవీ చెప్పడు. మగ్గం పక్కనుంచి ఒరుసుకుంటూ వెళ్లి, దుప్పటి తీసి బ్యాటరీ బిగించాడు. ఇంజను ఉలకలేదు. ట్యాంకు మూత తిప్పి లోపలికి వంగి చూశాడు.

"ఇందులో చుక్క లేదు హెల్వీ."

"కారిపోయుంటుంది."

"కారితే నేల మీద మరక ఉండదూ?" వేలు పెట్టి తీసి చూపించాడు. వేలికి పల్చగా నూనె అంటింది. "లోపలంతా తుడిచి నూనె పూశాడు."

"ఎందుకు?"

తాపియో వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "వసంతంలో ఎక్కేవాడు నింపి పెడతాడు. ఏళ్ల తరబడి ఉంచాల్సిన బండిని ఇలా ఆరబెడతారు."

హెల్వి మగ్గం అంచు మీద కూర్చుంది. నిలబడి నేసే చోట కూర్చోవడం అదే మొదటిసారి. కయానీలో ఆయన కలిసింది పళ్ల డాక్టరును కాదు. ఆర్వోకు తెలుసు. తెలిసి, జూన్ ప్రయాణానికి పటం పరిచి, ఏ దారిన వెళ్దామని ఆమెనే అడిగాడు.

"అక్టోబరులో ఆ పొద్దున చూశాను," అన్నాడు తాపియో, బండి వైపే చూస్తూ. "డబ్బాతో పెట్రోలు నీ కారులో పోస్తున్నాడు. ఏంటిది అంటే, చలికాలంలో బంకుకు వెళ్లడమంటే హెల్వికి బద్ధకం అన్నాడు. నవ్వాను నేను."

ఆమె కారును నెలకోసారి బయటికి తీస్తే గొప్ప. డిసెంబరులో శవపేటిక బండి వెనకాల చర్చికి నడుపుతూ, పెట్రోలు ముల్లు ఇంకా నిండుకు దగ్గరలోనే ఉండటం చూసింది. ఎప్పుడు పోయించానో అనుకుంది, అప్పుడు అంతకుమించి ఆలోచించలేదు.