తమ్ముడు దిద్దిన ఫొటోలు

మా తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. వాడి చొక్కా పై జేబులో ఎప్పుడూ ఒక చిన్న కెమెరా ఉంటుంది. జేబు తడిమి చూడకుండా చొక్కా నీళ్ళలో ముంచిందంటే మా మరదలికి ఆ రోజు మూడినట్టే. ఫోన్లోనే తీసుకోవచ్చు కదా అని అందరూ అంటారు. "ఫోను తీస్తే అందులోంచి ఎవరో ఒకరు వాగుతారు. ఇది నోరు మూసుకుని పని చేసుకుంటుంది" అంటాడు వాడు. మనిషీ అంతే, నాలుగు మాటలాడితే అందులో మూడు "ఊఁ"లే.

మాటలన్నీ నాకొచ్చాయి. వాడికన్నా పెద్దదాన్ని. మా ఆయన పోయాక వీళ్ళింట్లోనే ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని ఉంటున్నాను. నా నోరు మంచిది కాదని మా చుట్టాలందరికీ తెలుసు.

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బస్సు ఆగినప్పుడు వాడు ఫొటోలు తీస్తాడు. తీసేవేమన్నా గొప్పవా! అద్దం మీద వాన చుక్కలు, నోరు తెరిచి నిద్రపోతున్న కండక్టరు, జనం పట్టుకుని పట్టుకుని రంగు పోయిన కమ్మీ. సెలవు రోజున పాత కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కోటీ దిద్దుకుంటాడు. దిద్దడం అనే అంటాడు, పలక మీద అక్షరాలు దిద్దినట్టు. అంచు కాస్త కోస్తాడు, వంకర సరిచేస్తాడు, రంగు ఒక పిసరు తగ్గిస్తాడు. "మరీ దిద్దితే అబద్ధమైపోతుందక్కా" అనేవాడు. గంటసేపు చూసి చూసి, చివరికి ఏమీ ముట్టుకోకుండా వదిలేసినవీ ఉన్నాయి. ఆ పూట మా ఇంట్లో వాడంత సుఖంగా ఇంకెవరూ ఉండరు.

అలాంటివాడి ఫొటోలు ఈ మధ్య తెల్లబడుతూ వచ్చాయి. మొదట నేనూ వేళాకోళమే చేశాను.

"ఏరా, అందరికీ సున్నం కొట్టేశావా? నీ పెళ్ళాం ఇంత తెలుపెప్పుడయిందిరా?"

"పోనీలెండి వదినా, ఇన్నాళ్ళకి ఆయన కంటికి ఆనాను" అంది మరదలు నవ్వుతూ.

వాడు నవ్వలేదు. "సరిగ్గానే ఉంది కదా" అన్నాడు.

మొన్న సెలవు నాడు మధ్యాహ్నం నేను ఎవరివో చొక్కాలకి గుండీలు కుడుతుంటే వాడు పిలిచాడు. డ్రైవరు సీట్లోంచి తీసిన ఫొటో తెర మీద ఉంది. పొద్దుగూకే వేళ. ఇంకా వీధి దీపాలు వెలగలేదు. ఆగి ఉన్న బస్సు ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తోంది.

"ఖాళీ రోడ్డు ఎంత ప్రశాంతంగా ఉందో చూడక్కా."

"ఖాళీ ఏంట్రా? మరి ఆ పిల్లో?"

"ఏ పిల్ల?"

నాకు చిరాకేసింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావు? ఎడమ పక్కన, బ్యాగు తగిలించుకుని బస్సు ముందునుంచే దాటుతోంది కదా!"

వాడు తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు. తర్వాత వెలుతురు పెంచాడు. ఇంకాస్త పెంచాడు. రోడ్డు పాలిపోయింది, ఆకాశం తెల్లకాగితమైపోయింది. అప్పుడు ఆగాడు.

"ఉందక్కా" అన్నాడు మెల్లగా.

మళ్ళీ వెలుతురు తగ్గించి ఫొటోని మొదట ఉన్నట్టే పెట్టాడు. "ఇప్పుడు నీకు కనిపిస్తోందా?"

"కనిపిస్తోందిరా. జడ రిబ్బన్లతో సహా."

"నాకు కనిపించట్లేదు."

"ఈ ఫొటో తీశాక ఏం చేశావురా?"

"బస్సు కదిపాను." మౌసు వదిలేసి, "దాటేసి ఉంటుందక్కా. ఏదైనా అయితే జనం అరిచేవాళ్ళుగా. దాటేసే ఉంటుంది" అన్నాడు.

మరదలు ఎప్పుడు వచ్చిందో, తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. "రిటైరవడానికి ఇంకెంతో లేదు కదండీ. పగటి డ్యూటీలు అడగండి. మంచి కళ్ళజోడు పెట్టించుకుంటే సరిపోతుంది" అంది. దాన్ని తప్పుపట్టను, భయపడింది అంతే. నాకు మాత్రం భయం లేదా? స్టీరింగు తప్ప వాడికి ఇంకో పని రాదు. రాదని ఏనాడూ బాధపడలేదు కూడా. ఇన్నేళ్ళలో వాడి బండికి గీత పడలేదని, డిపోలో కొత్తగా చేరినవాళ్ళని వాడి పక్కన కూర్చోబెట్టి పని నేర్పించేవాళ్ళు. వద్దురా, ఇక చాలురా అనబోయాను.

ఈలోగా వాడే ఫోను తీసి డిపోకి చేశాడు.

"రేపు నా బండికి వేరే డ్రైవర్ని చూసుకోండి సార్. జ్వరమేం లేదు. కళ్ళు."

అవతల ఎన్నాళ్ళు సెలవు కావాలని అడిగినట్టున్నారు.

"సెలవు కాదు సార్" అన్నాడు వాడు, ఆ ఫొటో వంకే చూస్తూ. "ఇక మీదట నేను బస్సెక్కితే టికెట్టు కొనుక్కునే ఎక్కుతాను."