బల్ల పక్కన జెండా

ఆగస్టు వచ్చిందంటే మా ఇంట్లో గులాబీ రేకుల వాసన. ఇప్పటికీ ఛత్రినాక మార్కెట్లో పూల బండి పక్కనుంచి వెళ్తే బాపు ఒళ్లో పరుచుకున్న జెండాయే గుర్తొస్తుంది. పంద్రాగస్టుకు దగ్గరి ఆదివారం గుడిలో జెండా ఎగరేయడం మా తాత నాటి నుంచి వస్తున్న పద్ధతి. మేం చర్చిని గుడి అనే అంటాం. జెండా కూడా బయట కాదు, లోపలే. రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల పక్కన చెక్క స్టాండు, దానికో కర్ర, కర్రకు రేకులతో మడిచి కట్టిన జెండా. దీవెన ముగియగానే బాపు లేచి తాడు గుంజేవాడు. రేకులు రాలి తెల్లటి బల్ల గుడ్డ మీద పడేవి. ఆ తర్వాత అందరం జాతీయ గీతం పాడేవాళ్లం.

బాపు సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. జెండాను ఇస్త్రీ బండికి ఇవ్వకుండా శనివారం సాయంత్రం తనే ఇస్త్రీ చేసేవాడు. అమ్మ, నేను రేకులు ఒలిచేవాళ్లం. ముడి మాత్రం బాపుదే. ఒక్క గుంజుకు ఊడాలి, అంతకు ముందు ఊడకూడదు. నేర్పమంటే చూసి నేర్చుకో అనేవాడు, చూద్దామంటే వీపు అడ్డం పెట్టేవాడు. ఆ ఒక్క విషయంలో పరమ పిసినారి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా గుడికి కొత్త అయ్యగారు వచ్చారు. అయ్యగారంటే పాస్టరు. వయసు చిన్నది, మాట మెత్తన, పట్టు గట్టి. వచ్చిన కొన్నాళ్లకే కమిటీని పిలిచి, జెండా ఈసారి లోపల వద్దు, గేటు దగ్గర ఎగరేద్దాం అన్నారు. బల్ల దగ్గర అన్ని దేశాలవాళ్లూ ఒక్కటేనని, అక్కడ ఏ జెండా ఉండకూడదని ఆయన వాదన. ఇక చూడాలి లొల్లి. బాపు కమిటీ సభ్యుడు, యువజనుల తరఫున నేనూ అక్కడే ఉన్నాను. జెండా తీసేశారని తెలిస్తే బయటివాళ్లు మనల్ని ఏమనుకుంటారని ఒక పెద్దాయన భయపడ్డారు. తలుపులు మూసి ఎగరేసేది బయటివాళ్లకు ఎప్పుడు కనబడిందని అయ్యగారు అడిగారు. నాకు నవ్వొచ్చింది గానీ బాపు ముఖం చూసి మింగేశాను.

అందరూ లేస్తుంటే అప్పుడన్నాడు బాపు. "అయ్యగారూ, పుట్టిన బిడ్డను దేవుని ముందటికే తెస్తం. మొదటి జీతం గూడ దేవుని ముందటనే పెడ్తం. మరి దేశాన్ని గేటుకాడ ఎట్ల నిలబెడ్తం?"

అది తప్పు మాటని అయ్యగారు అనలేదు, కానీ తన మనసు ఒప్పుకోవడం లేదన్నారు. నిర్ణయం మారలేదు. నాకేమో ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినందుకు బాపు నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరం ఆవరణలోకి వచ్చాం. బాపు రాలేదు. బల్ల పక్కన ఖాళీ జాగా వైపు చూస్తూ తన బెంచీలోనే కూర్చుండిపోయాడు. జెండా ఇచ్చాడు గానీ ముడి వేయనన్నాడు. ఆ పని కమిటీ పెద్దాయనే చేశారు. గేటు బయట ఆటో డ్రైవర్లు, గౌలిపుర నుంచి వచ్చే పాలాయన, ఎదురు కొట్లో గాజులమ్మే చాచా ఆగి చూస్తున్నారు. ఇన్నేళ్లు మా గుడి ముందే బతికినవాళ్లు మా జెండా చూడటం అదే మొదటిసారి.

పెద్దాయన తాడు గుంజారు. ఊడలేదు. ఇంకా గట్టిగా గుంజితే ముడి ఇంకా బిగిసింది. గేటెక్కి విప్పనా అని ఒక ఆటో డ్రైవర్ ఉర్దూలో అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పరుగెత్తి ముడి బిగుసుకుందని బాపుకు చెప్పాను.

ఎంత కోపమున్నా ఊడని ముడి ఉందంటే మా బాపు కూర్చోలేడు. వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా కర్ర దించి, ముడి విప్పి, తన పద్ధతిలో మళ్లీ కట్టాడు. ఈసారి వీపు అడ్డం పెట్టలేదు. తాడు గుంజగానే రేకులు గాలికి గేటు దాటి ఆటోల మీద పడ్డాయి. గీతం మొదలవగానే డ్రైవర్లు బీడీలు పడేసి నిటారుగా నిలబడ్డారు. చాచా టోపీ సరిచేసుకుని మాతోపాటు పాడాడు. బాపు పాడుతూ వాళ్ల వైపే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అయినా ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు బాపు. గేటు దగ్గర రాలిన రేకులు గుప్పెడు ఏరి, చొక్కా జేబులో వేసుకుని, లోపలికి వెళ్లి బల్ల ముందు మెట్టు మీద పెట్టి వచ్చాడు. అయ్యగారు చూసి, వాటిని అక్కడే ఉండనిచ్చారు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఇదే తంతు.

ఆయనకు బదిలీ అయ్యాక వచ్చిన అయ్యగారు మస్తు హుషారు మనిషి. జెండా గేటు దగ్గర ఉండటమేంటి, బల్ల పక్కకే తెద్దాం అన్నారు. లోపలే ఉండాలని ఒకప్పుడు కొట్లాడినవాళ్లే, గేటు దగ్గర ఎగరేయడం మా గుడి ఆచారమని ఇప్పుడు ఎదురు తిరిగారు. చివరికి అయ్యగారు బాపునే అడిగారు. బాపు ఇన్నేళ్లు కోరుకున్నది అదేనని అందరికీ తెలుసు.

"లోపల ఉండాల్ననే నాకుంటది అయ్యగారూ," అన్నాడు బాపు. "కానీ గా ఆటోలోళ్లు లోపలికి రారు గదా."

జెండా గేటు దగ్గరే ఉండిపోయింది. బాపు చనిపోయిన ఏడాది ముడి నేనే వేశాను. ఒక్క గుంజుకే ఊడింది. గీతం అయ్యాక జనం కదులుతున్నారు, నేను మాత్రం తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. గాజుల చాచా గేటు లోపలికి వచ్చి, మోకాళ్ల నొప్పితోనే వంగి, రేకులు ఏరి నా దోసిట్లో పోశాడు.

"యే అందర్ కే హై, బేటీ," అన్నాడు, గుడి లోపలి వైపు చూపిస్తూ.