అత్త చేత పెట్టించిన సంతకాలు

కాశీబుగ్గ బజారులో ఒక జీడిపప్పు దుకాణం మేడ మీద నాకో చిన్న గది ఉంది. జనం పొదుపు సొమ్మును మ్యూచువల్ ఫండ్లలో పెట్టించడం నా పని. నాకు కమిషన్ ఇచ్చేది కంపెనీలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చేతినుంచి ఏమీ ఇవ్వరు కాబట్టి నన్ను తమ మనిషిగానే చూస్తారు.

వాళ్ళలో ఒకావిడ నాకు వరసకు అత్త. ఊరు ఉద్దానంలో, పని పలాసలోని జీడిపప్పు ఫ్యాక్టరీలో. పప్పును గుండు, బద్ద, ముక్కలుగా వేరుచేసే బల్ల దగ్గర ఏళ్ళుగా కూర్చుంటోంది. తుఫానుకు ఇంటి పెంకులు ఎగిరిపోయాక, "ఏటేటా ఈ పెంకులేరుకోడం నావల్ల కాదు బావూ, శ్లాబు ఏసీవాల" అని నెలనెలా పొదుపు మొదలుపెట్టింది. రిస్కు తక్కువ ఉన్న ఫండులో పెట్టించాను. నిదానంగా పెరుగుతూ వచ్చింది.

అంతలో ఒక కంపెనీ షేర్లలో పెట్టే కొత్త స్కీము తెచ్చింది. ఎక్కువ సొమ్ము తెచ్చిన ఏజెంట్లకు విదేశీ ప్రయాణం అన్నారు. నేను అప్పటిదాకా విమానం ఎక్కలేదు. వాళ్ళు అడిగిన మొత్తానికి నాకు కొంచెమే తక్కువ పడింది. అత్త గుర్తొచ్చింది.

పిలవగానే వచ్చింది. పాత ఫండులోది తీసి ఈ కొత్తదాంట్లో పెడితే బాగా పెరుగుతుందన్నాను. ఫారాలు తన ముందు పెడితే, ఎక్కడ సంతకం చెయ్యాలని మాత్రమే అడిగింది. రెండు సంతకాలయ్యాక పెన్ను ఆపి, "వచ్చే ఏసవికి శ్లాబు ఏద్దారనుకుంతన్నాం. అప్పటికి డబ్బులుంతాయి కదా బావూ?" అంది.

"ఉంటాయి అత్తా" అన్నాను.

సాయంత్రం ఇంట్లో ఈ ప్రయాణం సంగతి గొప్పగా చెప్పాను. నా భార్య అంతా విని, "మీ అమ్మ డబ్బులైతే అందులో పెడతారేటి?" అని అడిగింది. షేర్లు పడితే ఏడాదిలో ఎంత తరిగిపోగలదో నాకు తెలుసు.

ఫారాలు ఇంకా కంపెనీకి పంపలేదు. మర్నాడు భోజనాల వేళకు వాటిని పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. రేకుల షెడ్డు కింద ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని కేరేజీలు విప్పుతున్నారు. అత్తను పక్కకు రమ్మన్నాను. ఆవిడ లేవలేదు. "ఏటో ఇక్కడే సెప్పు" అంది.

అందరి ముందే చెప్పాను. ఆ స్కీము నా ప్రయాణం కోసమనీ, శ్లాబు వేసే నాటికి సొమ్ము తగ్గిపోయినా పోవచ్చనీ.

అత్త అన్నం కలుపుతూనే నా వైపు చూసింది. "నిన్న నానడిగినపుడు నీకిది తెలుసా?" అంది.

"తెలుసు."

"తెలిసే సెప్పినావా?"

"అవునత్తా."

ఎడమచెయ్యి చాపి, "ఆ కాయితాలిలగియ్యి" అంది. మడిచి సంచిలో పెట్టుకుంది. "నాకాడ ఉండనీ. నీకు మళ్ళీ ఇలాటి బుద్ధి పుడితే సూపిత్తాను." పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆవిడ అక్కడితో వదల్లేదు. ఇకమీద తమ ఫ్యాక్టరీ ఆడవాళ్ళలో ఎవరు సంతకం పెట్టాలన్నా ముందు ఆ కాగితం అందరికీ వినపడేలా నేను చదవాలంది. నాకెంత కమిషన్ వస్తుందో అదీ చెప్పాలంది. అలా నెలకో ఆదివారం వాళ్ళు నా గదికి రావడం మొదలైంది. నిజం చెప్పాలంటే, ఆ ఫారాలను చివరిదాకా నేను చదవడం కూడా అదే మొదలు.

ఆ చలికాలం టెక్కలి వైపు నుంచి ఒకతను ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చి, ఫోన్‌లో ఏదో యాప్ చూపించి, ఆరు నెలల్లో సొమ్ము రెట్టింపన్నాడట. అత్త వాళ్ళు అతన్ని కూర్చోబెట్టి, కాగితం ఉంటే చదవమన్నారు. నా ఫారాల మీద ఉండేలాంటి రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు. "నీకెంత మిగులుతాది బావూ?" అని కూడా అడిగారు. రేపు తెస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. సంతబొమ్మాళి వైపు ఒక కొబ్బరి రైతు మాత్రం అతనికి డబ్బు కట్టేశాడు. ఆయన్ని పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళి ఫిర్యాదు రాయించాను. కొంత దొరికింది, కొంత పోయింది.

వేసవిలో పాత ఫండు సొమ్ముతోనే అత్త ఇంటికి శ్లాబు పడింది. ఆ రోజు అక్కడే పనసకాయ కూరతో భోంచేశాను. వడ్డిస్తూ అత్త పాత సంగతి ఎత్తలేదు. ఇంకొంచెం వేసుకోమని మాత్రం రెండుసార్లు అంది.

మొన్నటి ఆదివారం వాళ్ళలో చిన్నదైన ఒకమ్మాయి ఫారం తానే చదువుతానంది. తడుముకుంటూ సగం దాకా వచ్చి, ఒక మాట దగ్గర ఆగి అర్థం అడిగింది. నాకూ సరిగ్గా తెలియదు. అదే చెప్పాను. "అయితే కనుక్కుని సెప్పండి, అందాకా సంతకాలాపుతాం" అంది. సోమవారం పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నాను.