సూది ఆగిన ఒంపు

మా మేనమామ పోయిండని శనివారం పొద్దున మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. సూర్యాపేటలో నాతో ప్రార్థనకు కూడినోళ్లు వెంటనే "దేవుని చిత్తం అన్నా" అన్నరు. చేతిల పుస్తకం మూసి గట్టిగనే చెప్పిన: దేవుని మీదికి తొయ్యకండి. అది నా తప్పు.

మామ రైసుమిల్లు ఫిట్టర్. వడ్లలో వచ్చే మేకుల్ని, తీగముక్కల్ని పట్టే అయస్కాంతాన్ని రోజూ ఆయనే తుడిచేది. ప్లాస్టిక్ పైపులో ఇనుప నట్టు పడితే పైపు కొయ్యనిచ్చేటోడు కాదు. బయట మ్యాగ్నెట్ ఆనించి, లోపలి నట్టును మెల్లగ నడిపించుకుంట మూతి దాకా తెచ్చేటోడు. "గుంజుడు కాదురా, మళ్లిచ్చుడు. గుంజితే పైపు గోడకు అతుకుతది." నా ప్రసంగం విన్నంక గూడ అదే మాట: "జనాన్ని గుంజుతున్నవ్ అల్లుడా, జర మళ్లియ్యి."

ఆయన మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయిననాడు అత్తమ్మ దవాఖానకే పోదామన్నది. నేనే వినలే. కోదాడ దిక్కు ఒకాయన పక్షవాతానికి పావురం నెత్తురు పట్టిస్తడని కారెక్కించిన. "మూడు పూటలు రాయండి, లేచి నడుస్తారు" అన్నడాయన. ప్రాణం నెత్తురులో ఉంటదని లేఖనం తీసి ఊరూరా చెప్పేటోన్ని! మెదడు నరంలో గడ్డ అడ్డంపడితే, తోలు మీద పక్షి నెత్తురు పూయించిన. ఆ రోజంతా అట్లనే పోయింది.

"నిన్ననే తేవాల్సింది. తొడ దగ్గరి నరంలోంచి సన్న తీగ పంపి గడ్డ తీసేవాళ్లం" అన్నది, తెల్లారి తీస్కపోతే, హైదరాబాద్ డాక్టరమ్మ. నరాల ఒంపుల్లో ఆ తీగ కొసను బయటినుంచే మ్యాగ్నెట్‌తో తిప్పే పద్ధతులూ వస్తున్నయని చెప్పింది. మామ వంకర మూతితోనే నవ్విండు.

ఇంటికొచ్చినంక మంచం మీద కూసోని ఎడమచేత్తో నాకు చూపించిండు. నీళ్లు నింపి కిటికీకి ఒంపుగ కట్టిన సెలైన్ పైపు, అందులో గుండుసూది, బయట మిల్లు మ్యాగ్నెట్. ఒంపు కాడ సూది ముక్కు సుతారంగ తిరిగింది. "నా పనే గదరా. పట్నపోళ్లు ఇప్పుడు నేర్సుకుంటున్నరు" అన్నడు. మ్యాగ్నెట్ పక్కన పెట్టి, "ఇదంతా నీకు తెల్వదా అల్లుడా? మరి పావురం కాడికెందుకు తోల్కపోయినవ్?" అన్నడు. కోపంగ గూడ అడగలే. ఆ మంట నాకింకా ఆరలే.

పోయిన ఆదివారం ప్రార్థనకొచ్చినోళ్లందరి ముందు పావురం సంగతి ఒప్పుకున్న. మూతి వంకరైతే ప్రార్థన అంబులెన్సులో చెయ్యండన్న. "విశ్వాసం తగ్గిందా అన్నా?" అని ఒక పెద్దాయన దెప్పిండు.

"తగ్గలే పెద్దయ్యా. సిగ్గొచ్చింది."

ఆ సెలైన్ పైపు మామ కిటికీకి ఇంకా కట్టే ఉంది. మొన్న మ్యాగ్నెట్ పట్టుకొని నేనూ చూసిన. నా చెయ్యి గుంజింది. సూది ఒంపు కాడ గోడకు అతుక్కొని, గాడనే ఆగింది.