వయ్యారిభామ పక్కన పుంటికూర

పెళ్లయిన ఏడాదే మా ఆయన నన్ను సూరత్ తీసుకొచ్చాడు. భేస్తాన్‌లో ఒక్క గది. ఆయన పొద్దున్నే మగ్గాల కార్ఖానాకు పోతే చీకటి పడ్డాకే రాక. ఇంటికొచ్చినా చెవుల్లో ఆ మోతే ఉండేదేమో, నేనేం చెప్పినా "ఆఁ?" అనేవాడు. రెండోసారి చెప్పబుద్ధయ్యేది కాదు. మా వరుసలో తెలుగువాళ్లు లేరు. నాకు హిందీ అంతంతమాత్రం.

గది వెనక కాస్త ఖాళీ నేల ఉండేది. నిండా వయ్యారిభామ కలుపే, సన్నటి తెల్లపూలతో నడుమెత్తు పెరిగింది. తొలకరికి అదంతా పీకి, ఊరి నుంచి తెచ్చుకున్న పుంటికూర, అదే గోంగూర, విత్తనాలు చల్లాను. ఎండ తగలకుండా పీకిన మొక్కల్నే మడి మీద పరిచాను. సగం విత్తనాలు మొలవలేదు. మొలిచినవి పాలిపోయి వేలెడెత్తులో ఆగిపోయాయి. పాత డబ్బాలో వేరే మన్ను పోసి వేసినవి మాత్రం ఏపుగా వచ్చాయి. రోజూ ఆ రెంటినీ చూస్తూ కూర్చునేదాన్ని. వేరే పనేముంది?

అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పీకినవు, మంచిగ చేసినవు. మల్ల గా మడిల్నే ఎందుకు పరిచినవు బిడ్డా? వానకు దాని రసం మన్నుల దిగుతది. పక్కన దేన్నీ ఎదగనియ్యది."

"గిప్పుడేం చెయ్యాలె?"

"అంత ఎత్తిపోసి, పైమన్ను గీకి, కొత్త మన్ను పొయ్యి. జర చేతులు పైలం."

ఇంకాసేపు మాట్లాడాలనుకున్నాను. అమ్మ నాట్లకు పోవాలంది.

పైలం అన్నా వినలేదు. ఉత్త చేతులతో ఎత్తేసరికి మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. గోక్కుంటూ గడపలో కూర్చుంటే పక్కగది మరాఠీ ఆవిడ చూసి, కొబ్బరినూనె తెచ్చి రాసింది. "గాజర్ ఘాస్ హై, హాథ్ మత్ లగా" అంది, వయ్యారిభామను చూపించి ముట్టుకోవద్దని చెయ్యూపుతూ. సూరత్ వచ్చాక మా ఆయన కాక ఇంకొకరు నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది. మంట అనుకుందావిడ.

చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని ఇద్దరం మడి బాగుచేశాం. రెండోసారి విత్తితే పుంటికూర మోకాలెత్తు లేచింది. పప్పు వండి గిన్నెడు ఇచ్చాను. వాసన చూసి ఆవిడ పకపకా నవ్వింది. "అరే, యే తో హమారీ అంబాడీ!" పుంటికూరకు వాళ్ల పేరట అది.

వేసవిలో వాళ్లు సూరత్‌లోనే డిండోలికి మారిపోయారు. ఆ గదిలోకి ఎవరో కుర్రవాళ్లు వచ్చారు, పగలంతా తాళమే. నేను ఇప్పటికీ వానాకాలం మొదట్లో ఆ మొక్కల్ని పూతకు రాకముందే పీకి, రోడ్డవతల పారేసి వస్తాను.