హబీసు అన్న దాలయ్య

మా రేవులో ధైర్యవంతులకు ఎప్పుడూ లోటు లేదు. పగలంతా ఎవరి ధైర్యం గురించి వాళ్ళే చెప్పుకుని, సాయంత్రానికి సారా దుకాణం ముందు బోర్లా పడే రకం ధైర్యవంతులు. వాళ్ళంతా కలిసి పిరికిగొడ్డు అని పేరు పెట్టిన మనిషి దాలయ్య. ఆ పేరు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి వాళ్ళను తిట్టే హక్కు నాకు కాస్త ఎక్కువే.

నా పేరు అచ్యుతరామయ్య. అమలాపురం పక్కనుంచి బతుకు వెతుక్కుంటూ 1974లో విశాఖపట్నం వచ్చి, ఓడల్లో సరుకు ఎక్కించీ దించే ఒక కంపెనీలో టాలీ గుమస్తాగా చేరాను. కంపెనీ పేరు చెప్పను. చెప్పుకోవాల్సినంత పేరు కాదు. ఓడలోంచి ఎన్ని శాల్తీలు దిగాయో రాసుకోవడం నా పని. నాలుగు అక్షరం ముక్కలు వచ్చు కదా అని కూలీలను కాస్త కింది చూపు చూడటం కూడా ఆ పనిలో భాగమే అనుకునేవాణ్ణి.

దాలయ్య మా గ్యాంగులో సిగ్నల్‌మ్యాన్. ఓడ డెక్కు మీద సరుకు దించే పెద్ద గొయ్యి ఉంటుంది. అడుగున ఉన్న కూలీలు సరుకుకు వైరు తగిలిస్తే, పైన వించి దాన్ని ఎత్తుతుంది. వించి నడిపేవాడికి గొయ్యి అడుగు కనబడదు. అందుకని సిగ్నల్‌మ్యాన్ అంచున నిలబడి చూసి చెబుతాడు. "హబీసు" అంటే ఎత్తమని, "ఆరియా" అంటే దించమని. ఆ మాటలు ఏ భాషవో మాలో ఒక్కడికీ తెలియదు. గాలిలో ఒక్కోసారి మాట వినబడదు గనక వేలు కూడా తిప్పాలి. వేలు పైకి పెట్టి తిప్పితే హబీసు, కిందికి పెట్టి తిప్పితే ఆరియా. దాలయ్య గొంతు పక్క ఓడ ఆగే బెర్తు దాకా వినబడేది. ఆ గొంతు మీద అడుగున పదిమంది ప్రాణాలు ఉండేవి.

1981 మార్చిలో, కొత్తగా కట్టబోతున్న ఉక్కు కర్మాగారం కోసం వచ్చిన ఇనప దూలాలు దించుతున్నాం. గొయ్యిలో కామరాజు ఉన్నాడు. దాలయ్యకు అతను చుట్టం కాడు, అయినా ఒకర్నొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్ళు, ఒకే క్యారియర్లో తినేవాళ్ళు. వించి బ్రేకు జారుతోందని డ్రైవరు ఆ పొద్దున రెండుసార్లు చెప్పాడు. మా సూపర్వైజరు గురునాథరావు "ఈ ఓడ కానీయవయ్యా, చూద్దాం" అన్నాడు. పదకొండింటికి నాలుగు దూలాల కట్ట మనిషెత్తు లేచి ఒక పక్కకు ఊగింది. దాలయ్య "హబీసు, హబీసు" అని అరిచాడు. నేను అతనికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను, నా రెండు చెవులతో విన్నాను. కట్ట పైకి పోలేదు, కిందికి జారింది. కామరాజు తప్పుకోలేకపోయాడు.

గంట తిరక్కుండా గురునాథరావు నా దగ్గరికి వచ్చాడు. కామరాజు శవం ఇంకా గేటు దాటలేదు.

"బ్రేకని రాస్తే ఓడ ఆగిపోద్దయ్యా. సిగ్నల్‌మ్యాన్ పొరపాటున ఆరియా అన్నాడని రాయి. వాడి ఉద్యోగం ఎక్కడికీ పోదులే, నేను చూసుకుంటా" అన్నాడు.

రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు. ఆ రోజు కూడా బాగానే వచ్చింది. దూలాల చప్పుడులో అడుగున ఉన్నవాళ్ళకు మాట తెలియలేదు, ఓడ ఆగితే కూలి పోతుందని డ్రైవరు కూడా ఆ కాగితాన్ని కాదనలేదు. దాలయ్య నెత్తురంటిన చొక్కాతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరేమడిగినా ఆ నెత్తురు వంకే చూస్తున్నాడు. కాగితం చదివి వినిపిస్తే వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత ఆ రోజు గురించి అతనికి తెలిసిందల్లా ఆ కాగితమే. తన నోటితో తన బావను చంపుకున్నానని నమ్మేశాడు.

నెల తర్వాత పనిలోకి వచ్చి గొయ్యి అంచున నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. అక్కడే కూలబడ్డాడు. గురునాథరావు అతన్ని గోడౌను ఊడ్చే పనిలో పెట్టి, "చూశావా, ఉద్యోగం పోనివ్వలేదు" అని నాతో గొప్పగా చెప్పాడు. నిజంగానే తన మంచితనానికి తనే మురిసిపోయాడు, వెధవ.

దాలయ్యది కంచరపాలెంలో మా వీధే. ఇంట్లో చెంబు కింద పడితే మంచం కింద దూరేవాడు. వీధి చివర మేడ కడుతూ కూలీలు "ఆరియా" అని అరిస్తే, ఉన్నవాడు ఉన్నట్టు పరుగెత్తేవాడు. కూర్చునే కునుకు తీసేవాడు. పడుకుంటే కామరాజు చెయ్యి కనబడుతుందట. అన్నిటికన్నా విడ్డూరం, ఎవరికీ ఏ పనీ చెప్పడం మానేశాడు. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా భార్యతో "దించు" అనేవాడు కాదు. తనమాట విని ఎవరు ఏం చేసినా ఎవరో ఒకరు చస్తారని భయం.

మా ధైర్యవంతులు వైద్యం మొదలుపెట్టారు. కామరాజు దెయ్యమై పట్టాడని ఒకడు వేపమండలతో బాదించాడు. ఒకడు తాయెత్తు కట్టాడు. రెండు గ్లాసులు పట్టిస్తే సరిపోతుందని ఇంకొకడు పట్టించాడు, తోడుగా తనూ రెండు తాగాడు. మా గ్యాంగు మేస్త్రీ అయితే దాలయ్యను ఖాళీ పీపా ముందు కూర్చోబెట్టి, నలుగురి చేత పట్టించి, "అరవరా ఆరియా! నూరుసార్లు అరిత్తే బయం అదే పోద్ది" అన్నాడు. దాలయ్య అరవకపోతే తనే పీపాలో నోరు పెట్టి అరిచాడు. దాలయ్య లుంగీ తడిసిపోయింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికన్నా ముందు.

ఆ వీధిలో బుర్ర ఉన్న మనిషి ఒక్క పోతమ్మే, దాలయ్య భార్య. చెల్లెలి పురుడుకని ఒక చిన్న మిషను ఆసుపత్రికి వెళితే దాలయ్య కూడా వెంట వెళ్ళాడట. వరండాలో ఎవరి చేతిలోదో ట్రే జారి పడింది. దాలయ్య బల్ల కిందికి పాకేశాడు. జనం చూసి నవ్వుతుంటే ఒకావిడ వచ్చి, ఏమీ అడక్కుండా, తెల్లచీరతో ఆ నేల మీదే అతని పక్కన కూర్చుందట. ఆవిడ పేరు దేవకుమారి. నర్సుగా ఉండి, బెంగుళూరు వెళ్ళి మనసుకు చేసే వైద్యం చదువుకుని వచ్చిన మనిషి.

పోతమ్మ నా దగ్గరికి వచ్చింది. "బాబూ, ఆలేవో కాయితాలు నింపమంతన్నారు. సదువుకున్నోడివి, ఓపాలి తోడు రా బాబూ" అంది. కాదంటే బాగుండదని వెళ్ళాను. అలా 1982 వానాకాలం నుంచి వారం వారం వెళ్ళాను. మంచితనం అనుకునేరు. దాలయ్య ఏం చెబుతాడో నాకు తెలియాలి, అంతే.

గదిలో మందు సీసా కూడా లేదు. రెండు కుర్చీలు, ఒక బెంచీ, కిర్రుమనే ఫ్యాను. ఇదేం వైద్యం, కబుర్లు చెబితే రోగం పోతుందా అని లోపల నవ్వుకున్నాను. ఆవిడ మొదటిరోజే సూటిగా చెప్పింది.

"ఇది పిరికితనం కాదు దాలయ్యా, పిచ్చీ కాదు. ఆ రోజు అయిపోయిందని మీ ఒళ్ళు ఇంకా నమ్మడం లేదు. అందుకే చెంబు పడినా దూలం పడినట్టే ఉంటుంది. దాని దగ్గర్నించి పారిపోయినకొద్దీ అది వెంటపడుతుంది. మనం నెమ్మదిగా, మీకు చాతనైనంత మేరకే, దాని దగ్గరికి వెళదాం. ఎప్పుడు ఆగాలో మీరే చెప్పాలి."

పది చింతపిక్కలు అతని ముందు పెట్టింది. భయం ఎంత ఉంటే అన్ని పిక్కలు చేతిలోకి తీసుకోవాలి. మొదటివారం రేవు పేరెత్తితేనే పదీ తీసుకున్నాడు. ఊపిరి నెమ్మదిగా వదలడం, కాళ్ళ కింద నేలను గమనించుకుని తను ఇప్పుడు ఎక్కడున్నాడో చెప్పుకోవడం నేర్పింది. తర్వాత రోజూ రేవు కనబడే వంతెన మీద నిలబడి దూరం నుంచి క్రేన్లను చూడమంది. తొమ్మిది పిక్కలు ఆరు అయ్యేదాకా కదలకూడదు. అది కుదిరాక గేటు దాకా, ఆ తర్వాత బెర్తు దాకా. మేస్త్రీ చేసిందీ ఈవిడ చేసేదీ ఒకటేగా అని ఓసారి వెటకారంగా అన్నాను. "ఆయన తోశాడు, నేను తోడు వెళుతున్నాను. తేడా మీకు తెలియదా?" అంది. తెలియలేదు అప్పుడు.

ఆపైన అసలు పని. కళ్ళు మూసుకుని ఆ రోజును పొద్దున్నుంచీ, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమనేది. మొదట్లో దాలయ్య క్యారియరు మూత దగ్గరే ఆగిపోయేవాడు. పది వారాలకు గొయ్యి దాకా వచ్చాడు. చెమటలు పట్టేవి, ఏడ్చేవాడు, మళ్ళీ చెప్పేవాడు. చెప్పినకొద్దీ పిక్కలు తగ్గాయి. మంచం మీద పడుకుంటున్నాడని పోతమ్మ సంబరంగా చెప్పింది. నా మొహం చూపించుకోలేక కిటికీ వైపు తిరిగాను.

ఒక్కచోట మాత్రం ప్రతిసారీ తడబడేవాడు. కట్ట ఊగడం, ఎండ, తుప్పు వాసన అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పి, "అప్పుడు నాను పొరపాటున ఆరియా అన్నాను" అని పాఠం ఒప్పజెప్పినట్టు గబగబా అనేవాడు. ఆ మాటకు ఎప్పుడూ పదీ తీసుకునేవాడు.

దేవకుమారి అది పట్టేసింది. "అది కాగితంలో మాటలా ఉంది. మీ చెవికి ఏం వినిపించింది?" అంది. దాలయ్య తల అడ్డంగా ఊపాడు. ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు అక్కడే ఉన్నారట కదండీ?"

"నేను పుస్తకంలో తల దూర్చి ఉన్నానండీ. వినలేదు" అన్నాను.

ఎదురుగా ఒక మనిషి చెమటలు కక్కుతూ నిజం కోసం వెతుక్కుంటుంటే, అది జేబులో పెట్టుకుని కూర్చున్నాను. గురునాథరావు అక్కడ లేడు. నన్ను ఎవరూ బెదిరించలేదు. అయినా అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది.

1983 ఫిబ్రవరిలో, ఇరవయ్యోసారో ఇంకా ఎక్కువసారో చెబుతున్నాడు. "కట్ట ఊగతంది... కామరాజు బావ తలెత్తి సూత్తన్నాడు..." అని ఆగాడు. మాట రాలేదు గానీ కుడిచెయ్యి లేచింది. చూపుడువేలు పైకి నిలబడి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"దాలయ్యా, ఆ చెయ్యి ఏమిటి?" అంది దేవకుమారి. ఆవిడకు మా రేవు సైగలు తెలియవు, మామూలుగా అడిగింది.

అతను కళ్ళు తెరిచి తన చేతిని వేరేవాళ్ళ చేతిలా చూసుకున్నాడు. "ఇది హబీసమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఏలు పైకి తిరిగితే నోరు హబీసే అంతాది. పదారేళ్ళు సేసినాను, ఏలొకటీ నోరొకటీ అవడం నాకు సేతకాదు." నా వైపు తిరిగాడు. "బాబూ. నువ్వు నా పక్కనే ఉన్నావు. ఏటన్నాను నాను?"

ఈసారి అబద్ధం రాలేదు. "హబీసు అనే అన్నావు. రెండుసార్లు అన్నావు. జారింది బ్రేకు. కాగితం రాసింది నేను" అన్నాను.

పోతమ్మ నా చొక్కా పట్టుకుంది. కొడుతుందనుకున్నాను, కొట్టాల్సింది. దాలయ్యే విడిపించాడు. చాలాసేపు ఏడ్చాడు. ముందు నిల్చుని, తర్వాత దేవకుమారి ముందు నేల మీద కూర్చుని. అయ్యాక మొహం తుడుచుకుని నాతో అన్నాడు:

"నాకు సెప్పినావు సరే. నాకన్నా ముందర కామరాజు పెళ్ళానికి సెప్పాల్సింది. గంగాలమ్మ నన్నే మొగుణ్ణి సంపినోడని అనుకుంతంది. సబ్బవరం ఎల్లి సెప్పు బాబూ. ఆ యమ్మకి తెలిసినాకే నాను గొయ్యికాడ నిలబడతాను."

మరునాడే వెళతానన్నాను. సబ్బవరానికి బస్సులో గంట కూడా పట్టదు. నాకు పదిహేను నెలలు పట్టింది. ఒకసారి ఓడ వచ్చింది, ఒకసారి జలుబు చేసింది, ఒకసారి బస్టాండు దాకా వెళ్ళి టీ తాగి వచ్చేశాను. అన్నాళ్ళూ దాలయ్య, అన్ని భయాలూ దాటినవాడు, గోడౌను ఊడుస్తూనే ఉన్నాడు. కనబడితే ఒక్కసారీ తొందరపెట్టలేదు. తొందరపెడితే తిట్టుకునైనా ఊరుకునేవాణ్ణి.

1984 మేలో వెళ్ళాను. గంగాలమ్మ పుట్టింటి వాకిట్లో మినుములు చెరుగుతోంది. నిలబడే మొత్తం చెప్పాను, బ్రేకు, గురునాథరావు, నా కాగితం. చాట పక్కన పెట్టేసింది. "దాలన్న కాదన్నమాట" అని మూడుసార్లు అంది. చీర మార్చుకుని, అప్పటికప్పుడే విశాఖపట్నం బస్సుకు బయలుదేరింది. ఆ సాయంత్రం కంచరపాలెంలో ఆమె దాలయ్య ఇంట్లో అన్నం తిందని, వారానికి అతను మళ్ళీ గొయ్యి అంచున నిలబడ్డాడని ఊరంతా చెప్పుకుంది. ఇప్పటికీ చెంబు పడితే ఉలిక్కిపడతాడు. పడి, నవ్వి, చెంబు తీసి పెడతాడు.

బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె నన్ను అడిగింది. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"నిన్ను కొడతామన్నారా బాబూ? ఉజ్జోగం తీసేత్తామన్నారా?"

"లేదమ్మా."

"మరేటన్నారు?"

"రాయమన్నారు."

నేను ఇంకా ఏదో చెబుతానేమోనని ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది.